నాలుగో ఏడు వాక్కాయ

అచ్చంపేట డిపోల రిటైరైన నాడు
మన్ననూరు గేటు కాడ ఎవరో చేతుల పెట్టిన మొక్క,
పెరుగు డబ్బాల, మట్టితో సహా.
మూడేండ్లు ముండ్లే కాసింది.
"పీకెయ్యి, చీరెలు చినుగుతున్నయ్" అన్నది బాలకిష్టమ్మ.
బోరు ఎండిన యాడాది దానికి
గిన్నెలు కడిగిన నీళ్లే,
అదీ యాదికొచ్చిన పూట.

ఈసారి ఆషాఢంల
తెల్లపూలు రాలిన కాడల్ల గుత్తులు.
ఒక చెంప తెలుపు, ఒక చెంప ఎరుపు.
సిగ్గు కాదు, ఎండ తగిలిన దిక్కు.

పాత తోలుసంచి మెడకేసుకున్న.
చిల్లర మోసిన సంచిల
మొదటి కాయ చప్పుడు చెయ్యలే.
కొమ్మ లేపితే జంటముండ్లు
బొటనవేలికి టికెట్ కొట్టినయ్.
ముప్పై ఒక్క ఏండ్లు నేను కొట్టిన,
ఇయ్యాల నా వంతు.
తొడిమె తెగిన కాడ పాలు కారి
వేళ్లు ఒకదానికొకటి అతుక్కున్నయ్,
నూనె రాస్తేగాని ఇడవలే.

సోలెడు పప్పులకు,
సోలెడు పక్కింటి షహనాజుకు.
కొసకొమ్మవి అందలే.
నిచ్చెన ఉన్నది గని తేలే.
పిగిలిపిట్టలు పొద్దుగాల్నే ఎక్కి కూసున్నయ్,
నేనేం అడగలే.