సూదంటురాళ్ళు

బూసాన్‌లో వాన పడుతున్న మంగళవారం.
నేలమాళిగ గదిలో సీసపు కోటు తొడుక్కుని
నేను ఎక్స్‌రే బొమ్మ తీస్తాను. అంతే నా పని.
లోపలున్నదాన్ని నీడగా చూపిస్తాను,
బాగుచేసే చేతులు వేరేవాళ్ళవి.

బల్ల మీద ఓక్ బున్‌రే, అరవై మూడేళ్ళు.
చేపల బజారులో నలభై ఏళ్ళు
నెత్తళ్ళ తలలు గిల్లిన వేళ్ళు.
కామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు గానీ,
అడిగితే ఆమె, లేదయ్యా,
నెత్తళ్ళు వెండిలాగే ఉన్నాయి,
నేనే ఎండిన నారింజ తొక్కలా ఉన్నానంది.
దురద. రాత్రంతా దురద.
దువ్వెనతో వీపు గీక్కుంటే
పళ్ళు రెండు విరిగాయట, దువ్వెనవి.

ఆమె కాలేయం ఆమెది కాదు.
నిరుడు చలికాలం కూతురు ఇన్‌గ్యొంగ్ కోసిచ్చింది,
బస్సు డిపోలో ఇంజన్లు విప్పే పిల్ల.
కాలేయం పెరిగింది. రక్తం పారింది.
పైత్యరసం పారే గొట్టం దగ్గరే,
కూతురి కొసనీ తల్లి కొసనీ కలిపి కుట్టిన చోటే
గాయం మానింది.
మరీ మానింది.
మాని మాని మూసుకుపోయింది.

సన్నని తీగ మూడుసార్లు వెళ్ళి
మూడుసార్లూ తల వంచుకుని వెనక్కొచ్చింది.
అప్పట్నుంచీ పక్కటెముకల సందులోంచి
ఒక గొట్టం, ఒక సంచి.
సంచికి గోనెగుడ్డ తొడుగు తనే కుట్టుకుంది.
ఒంట్లోది ఒంట్లోకే పోవాలన్నారని
రోజూ పొద్దున్నే ఆ పసరు వడగట్టి
ముక్కు మూసుకుని తాగేది.
నా కూతురి చేదు, అనేది గ్లాసు కడుగుతూ.

ఇవాళ రెండు సూదంటురాళ్ళు.
బియ్యపు గింజకి పెద్దన్నల్లా ఉన్నాయి.
ఇనుప పళ్ళేలన్నీ ముందే గది బయట పెట్టాం,
లేకపోతే చటుక్కున వాటికే అంటుకుంటాయి.
ఒకటి పక్కటెముకల దారిన, కూతురి వైపు నుంచి.
ఒకటి నోటి దారిన, కడుపు దాటి, తల్లి వైపు నుంచి.
తెర మీద రెండు నల్లటి నీడలు.
మధ్య తొమ్మిది మిల్లీమీటర్ల గోడ.

"ఇంకొంచెం వంచండి" అంది డాక్టర్ ప్యొన్,
ఎవరితో అన్నదో తెలీదు.
కదల్లేదు.
కదల్లేదు.
నా కాలి కింద పెడల్, నుదుటి మీద చెమట.
తర్వాత ఒకటి కాస్త ముక్కు తిప్పింది,
రెండోది తల ఎత్తింది.
చప్పుడేమీ రాలేదు.
ఐనా ఆ గదిలో అందరం విన్నాం.

బయట బెంచీ మీద ఇన్‌గ్యొంగ్,
గోళ్ళలో ఇంకా గ్రీజు.
ఎలా పనిచేస్తుందో చెప్పాను: రెండూ
మధ్యనున్న గోడని నొక్కిపెట్టి ఉంచుతాయి,
రక్తం అందక ఆ కాస్త మేరా చచ్చిపోతుంది,
చచ్చినంత మేరా దారి.
ఆమె జేబులోంచి ఒక పుల్ల తీసింది,
యాంటెన్నాలా సాగేది, కొసన సూదంటురాయి.
"చెయ్యి పట్టని చోట బోల్టు పడితే
నేనూ దీంతోనే తీస్తా" అంది.
ఆ తర్వాత చాలాసేపు ఆ పుల్లని
సాగదీస్తూ, ముడుస్తూ కూర్చుంది.
"నాదే ఇరుకేమో. నా గొట్టమే" అంది చివరికి.
నాకు జవాబు తెలీలేదు.
నా నీడల్లో ఎవరి తప్పూ కనపడదు.

వారానికోసారి బొమ్మ.
రెండు నీడలు దగ్గరయ్యాయి,
ఒక వారం అలాగే ఉండిపోయాయి, భయపెట్టాయి.
నలభై ఏడో రోజు
ఆ చోట అవి లేవు.
వెతికితే కింద పేగులో దొరికాయి,
ఒకదాన్నొకటి వదలకుండా
మలుపులన్నీ తిరుగుతూ బయటికి పోతున్నాయి,
పని అయిపోయిన కూలీల్లాగ.

మర్నాడు వరండా చివర్నుంచే
బున్‌రే కేక వినిపించింది,
"రంగొచ్చింది! ఇవాళ మలానికి రంగొచ్చింది!"
నర్సులు తలలు దించుకుని నవ్వారు.
ఎవరో ముసలాయన చప్పట్లు కొట్టాడు.

కొత్త దారి మళ్ళీ మానిపోకుండా
లోపల గొట్టం ఆరు నెలలుండాలి.
గాయం మానకూడదని కాపలా కాస్తున్నాం,
ఇదో వింత వైద్యం.
వచ్చే మంగళవారం మళ్ళీ వస్తారు.
సంచి తీసేశారు గానీ
ఆ గోనెగుడ్డ తొడుగు పారెయ్యలేదట,
ఇన్‌గ్యొంగ్ పానాలు పెట్టుకుంటోందట.