సొన మరక

ఏడో తరగతి, బి సెక్షను, ముప్పై ఎనిమిది పుస్తకాలు.
కాశీబుగ్గ గేటు దగ్గర గూడ్సు బండి ఆగి
మళ్ళీ కదిలే మోతలో దిద్దుకుంటూ పోతున్నాను.
దమయంతి పుస్తకంలో
4x + 12
పక్కన రెండు గీతలు, ఒకదాని కింద ఒకటి.
ఆ తర్వాత ఏమీ లేదు.

ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టాను.
"సమాసాన్ని సమీకరణం చెయ్యకు."
ఇరవై రెండేళ్ళుగా రాస్తున్న వాక్యం,
చెయ్యి నన్నడక్కుండానే రాసేస్తుంది.

మర్నాడు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.
"నాను పెట్నేదు సార్. అది జీడి సొన."
వేళ్ళు చాపింది.
కొసలు నల్లగా, తోలు లేచి.
బడికి వచ్చేముందు వాళ్ళమ్మ పక్కన కూర్చుని
రెండు గంటలు పిక్కలు కొడుతుందట.

ఏం చెప్పాలో తెలీక పాఠమే చెప్పాను.
తెలుగు మేస్టారి దగ్గర సమాసాలు చదివావు కదా,
జీడిపప్పు అంటే జీడి యొక్క పప్పు.
అది నిజమా, అబద్ధమా?
"రెండూ కాదు సార్. ఒట్టి మాటే."
అదీ సంగతి. 4x + 12 కీ ఎవరితోనూ పేచీ లేదు,
x ఎంతైనా కానీ, కలుపుకుని ఊరుకుంటుంది.
సమానం పెట్టావా, మాట ఇచ్చినట్టు.
ఇచ్చాక దానిమీద నిలబడాలి.
ఏదో ఒక x దగ్గర నిలబడుతుంది,
మిగతా అన్నిచోట్లా బొంకు.

కాసేపు గోరు కొరుక్కోబోయి, చేదు గుర్తొచ్చి మానేసింది.
"ఐతే సార్,
జీడిపప్పు మా ఇంట్లో ఉన్నాది.
ఇది సమీకరణం."
ఔను.
"బొంకు సార్," అని నవ్వింది.
వెనక బెంచీలో ఇంకెవరో కూడా నవ్వారు.

శనివారం, కూలి పంచే వేళ,
షెడ్డు ముందునుంచి సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నాను.
వరసలో గున్నమ్మ, దమయంతి తల్లి.
మేస్త్రి చేతిలో చీటీ:
కొట్టిన కిలోలు ఇంటూ రేటు,
అందులో బద్దలకి కోత, నూకకి కోత,
మొన్న జొరమొచ్చినప్పటి అడ్వాన్సు.
చివర రెండు గీతలు, నీలం బాల్‌పెన్నుతో.
కుడిపక్క అంకె ముందే వేసి ఉంది.
ఎడంపక్క దానికి తగ్గట్టు తూగుతోంది.
ఆమె వేలిముద్ర వేసింది,
ఇంకుప్యాడు అక్కర్లేనంత నల్లటి వేలితో.

రాత్రి ఆ పుస్తకం మళ్ళీ తీశాను.
ఇంటూ మీద టిక్కు పెడితే గజిబిజి అయింది.
గీతల్ని రబ్బరుతో రుద్దాను.
సొన పోదని తెలుసు, అయినా రుద్దాను.
కాగితమే చిరిగింది,
x దగ్గర.