పీటముడి

రాత్రి పదకొండు. టే నది మీంచి వచ్చిన పొగమంచు
డండీ ఊరి పాత చిమ్నీని నడుం దాకా మింగేసింది.
నేను ఐసు బకెట్ ముందు కూర్చుని
గొట్టాల మూతల మీద అంకెలు వేస్తున్నాను.
పెన్ను సరిగ్గా పడటం లేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

యుబిక్విటిన్: డెబ్బై ఆరు పూసల బుల్లి ప్రోటీన్.
దాన్ని మూడు ఎంజైములు చేతులు మార్చుకుంటూ
తెచ్చి ఇంకో ప్రోటీన్ వీపుకి అంటిస్తాయి.
దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి,
గొలుసు.
నలభై ఎనిమిదో పూస దగ్గర ముడిపడితే
చావు తాఖీదే, రోట్లో తల పెట్టాల్సిందే.
అరవై మూడు దగ్గర పడితే వేరే కబురు:
ఇక్కడ తెగింది, రండి, అతకండి.
జెల్ మీద మాత్రం రెండూ ఒకేలా
మసిగుడ్డతో తుడిచినట్టు ఒక నల్లటి చార.

మా అమ్మమ్మ ఎఫీ జనపనార మిల్లులో నేతగత్తె.
మగ్గాల హోరుకి చెవులు పోయాయి.
పీటముడి పడితే కత్తెర తీసేది కాదు.
లాగకు, ముందు ఏ పోగు ఎటు దూరిందో చూడు
అనేది, వేళ్లతోనే.

నా దగ్గరున్నవీ అలాంటి వేళ్లే.
ఒక ఎంజైము నలభై ఎనిమిదినే విప్పుతుంది, ఒకటి అరవై మూడునే.
ఇంకొకటికి మంచీ చెడూ లేదు, అన్నిటినీ తెంపుతుంది,
దాన్ని సాక్షిగా పెట్టుకుంటాం.
ఒక గొట్టంలో ఏదీ వెయ్యం.
ముప్పై ఏడు డిగ్రీలు. అరగంట.

పోయిన నెల నా వల్లే చెడింది. కణాలను పగలగొట్టేటప్పుడు
వాటి సొంత కత్తెరలకు కట్టు వెయ్యడం మరిచాను.
గొలుసులు నా చేతికి రాకముందే ఊడిపోయాయి.
డాక్టర్ స్టరాక్ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.
నాలుగేళ్లుగా ఆయన రాస్తున్నది ఒకటే:
ఈ ప్రోటీన్‌ది ఉరిశిక్ష అని.

మర్నాడు సాయంత్రం, చీకటి పెట్టెలో ఫొటో.
ఒకటో వరస: చార.
రెండు, నలభై ఎనిమిదిది: చార. చెక్కు చెదరలేదు.
మూడు:
నిచ్చెన మొత్తం కూలి
అడుగున ఒక్క గీత.
శిక్ష కాదు. కబురు!

ఫోన్ తీశాను. సగం నంబరు నొక్కాక
ఎందుకో ఫ్రీజర్ తెరిచి మూతలు చూశాను.
రెండో అంకె సగమే పడింది.
మూడోది ఐసు తడికి పాముకుపోయింది.
ఏది రెండు? ఏది మూడు?

ఫోన్ బల్ల మీద పెట్టేసి
కొత్త పెన్ను కోసం సొరుగు లాగాను.