నిమ్మకాయ చివర

రోడెల్ మనీలా వెళ్తూ
ఒక సీసా, ఒక చీటీ ఇచ్చిపోయాడు.
సీసా తెల్ల వైను.
చీటీ హోటల్ బిల్లు వెనక, నీలం పెన్నుతో:
నిప్పు ముందు. చేప తర్వాత.
తొందర వద్దు. నిమ్మకాయ చివర.

ఆరు నెలలు మంచం కింద
డ్యూటీ బూట్ల పక్కన పడుకుంది సీసా.
ఈ శుక్రవారం ఇద్దరికీ సెలవు కలిసింది.

ముహరక్ చేపల బజారులో
వంజరాన్ని చనద్ అంటారు.
పేరు మార్చుకుంది గాని కన్ను మార్చుకోలేదు.
మా అమ్మ చూసినట్టే మొప్ప ఎత్తి చూశాను, ఎరుపు.
మా అమ్మలా బేరమాడలేకపోయాను,
ఆమెకున్న తిట్లు నాకు అరబ్బీలో రావు.

మేడ మీద, నీళ్ల ట్యాంకుల మధ్య
నాలుగు ఇటుకలు, పారేసిన ఓవెన్‌లోంచి తీసిన జాలీ,
హుక్కా బొగ్గు.
చేపకి వెల్లుల్లి, జీలకర్ర, మిరప్పొడి,
ఎండి నల్లబడిన లూమీ చిదిమి కాస్త.

టాకో అంటే మొక్కజొన్న రొట్టె అనేవాడు రోడెల్,
ఓడలో వంట చేసిన రోజుల్లో నేర్చాడట.
గుదైబియా కొట్లో ఆ పిండి లేదు.
"జొన్నపిండి ఉన్నది గదా," అన్నాడు అంజిలయ్య,
"జొన్న జొన్నే."
అరచేతుల మధ్య తట్టాడు, అప్పాలంత రొట్టెలు.
ఆ చప్పుడుకి కింది వాటా బెంగాలీ కుర్రాడు
తలుపు తీసి పైకి చూశాడు.

చేపను నువ్వు తిప్పకు,
ఎప్పుడు తిప్పాలో అదే చెబుతుంది, అనేవాడు రోడెల్.
నేను ఆగలేదు.
మొదటి పలక సగం జాలీకే ఉండిపోయింది.
పిల్లికి పండగ.

రెండోదానికి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

వేడి రొట్టెలో చేప,
సన్నగా తరిగిన క్యాబేజీ, పచ్చిమామిడి తురుము,
పెరుగులో నూరిన పచ్చిమిర్చి.
రొట్టె మడిస్తే విరిగింది, జొన్న కదా.
రెండు చేతులతో పట్టుకుని తిన్నాం, మోచేతుల దాకా కారింది.

కార్కు తీసే మర మా దగ్గరెక్కడిది?
గరిటె కాడతో లోపలికి తోశాను.
మునిగింది, తేలింది.
అచ్చం వలకి కట్టే బెండు!
ఎవరో ఈ సీసాలో వల వేసి
తీయడం మరిచిపోయినట్టుంది.

స్టీలు గ్లాసులో మొదటి గుక్క
పులుపు, చలి, ఇంకేం లేదు.
చేప ముక్క నమిలి, మిర్చి అంటుకున్నాక
రెండో గుక్క వేరే.
కాలిన నాలుక మీద ఎవరో తడిగుడ్డ వేశారు.
చేప తీపి అప్పుడు బయటికొచ్చింది.

అంజిలయ్య తాగలేదు. గ్లాసులో ముక్కు పెట్టి
చాలాసేపు అలాగే ఉన్నాడు.

"మేడ్చల్ కాడ తోట ఉండె. అనాబెషాహి.
నాకు పదేండ్లు. కత్తెర చేతికిచ్చి
గుత్తుల్ల సన్నకాయ తీసెయ్యమనేటోళ్లు.
పొద్దంత పందిరి దిక్కు చూసి చూసి
రాత్రి మెడ దిగకపోయేది.
ఒక్క కాయ నోట్లె ఏసుకుంటే మేస్త్రి గుంజీలు తీయించేటోడు."

"తిన్నావా మరి?"

"తినలే."

బొగ్గు చిటపటమంది.

"తోట పోయింది. రాతి కడీలున్నయ్ ఇంక.
వాటి మీద ప్లాటు నంబర్లు రాసిన్రు."

అని, గ్లాసు ఎత్తాడు.
మందులా కాదు, మర్యాదగా కూడా కాదు,
ఎవరైనా చూస్తున్నారేమోనని
అటూ ఇటూ చూసి తాగినట్టు.

మూడో పలక సంగతి ఇద్దరం మరిచిపోయాం.
కాజ్‌వే మీద దీపాలు వెలిగాయి,
ఎయిర్‌పోర్టు మీదికి విమానం దిగుతోంది.
చూస్తే, చేప అంచు దానంతట అదే
జాలీని వదిలేసి ఉంది.

అది కూడా తిన్నాం. పిల్లి కోప్పడింది.

పొద్దున నాలుగున్నరకి కంపెనీ బస్సు.
మెట్లు దిగుతూ తాళం కోసం జేబు తడిమితే
చేతికి తగిలింది
కొయ్యని నిమ్మకాయ.