నజ్మాలో నాలుగో మంచం

పందొమ్మిదేండ్లకే పీహెచ్‌డీ అంట.
దోహాల మా గదిల
నాలుగో మంచం ప్రద్యుమ్నది.

మొదటి రాత్రి రాజలింగు మోకాలు చూపిస్తే
"నేను ఆ డాక్టర్ని కాదు" అని
తల దించుకున్నడు.

నీళ్లు ఎట్ల పారుతయో
మూడొందల పేజీలు రాసిండట.
బియ్యంల ఎన్ని పొయ్యాలె అని నన్నడిగిండు.
వేలు ముంచి చూపిన, ఒక గణుపు.
"ఎవలి వేలు?" అన్నడు.

రెండు నెలలు జీతం ఆపిన కంపెనీకి
తనే సారీ చెప్పి వచ్చిండు.
నవ్వినం.
నవ్వకుంటె బాగుండె.

బడిల తన ఈడోళ్లు ఎన్నడు లేరట,
కొట్లాడినోళ్లు మల్ల కలిసి తింటరని
తెల్వదట.

నిన్న గిన్నెలు కడగలేదని
రాజలింగు తిట్టిండు.
చూస్తే, పెట్టె సర్దుతున్నడు.
"ఏడికి?"
"ఆయనకు కోపం వచ్చింది గదా."

రాజలింగు లేవలె.
ఇంకో ప్లేటు
ఇటు తోసిండు.