సాధారణ అరుగుదల

క్లియరెన్స్ ఫారంలో పదకొండు గళ్లు.
లైబ్రరీ బాకీ లేదు. క్యాంటీన్ బాకీ నూట నలభై.
ఆఫీసు కెమెరాను బల్ల మీద పెట్టించుకుని
స్టోర్స్ రామానుజం కళ్లజోడు సవరించుకున్నాడు,
పురిటిబిడ్డకు వేళ్లు లెక్కపెట్టే మనిషిలా.
రెండు లక్షల ఎనభై ఆరువేల చిల్లర క్లిక్కులు.
కుడిచేతి పిడి దగ్గర రబ్బరు నున్నబడి
లోపలి లోహం బయటపడింది.
"దెబ్బలేమైనా?" అని గడి అడుగుతోంది.
ఆయన కాసేపు ఆలోచించి రాశాడు:
సాధారణ అరుగుదల.

నా మణికట్టు గురించి ఏ గడీ అడగలేదు.

కార్డు ఇచ్చేశాక
లిఫ్టు నన్ను గుర్తుపట్టలేదు.
వాచ్‌మన్ మల్లేశం తన కార్డు ఆనించి పంపిస్తూ
"మల్ల రేపు ఎన్నిటికి మేడం?" అన్నాడు,
అలవాటు కొద్దీ.

పదకొండేళ్లు ఈ ఊళ్లో తొలివాన నాది.
చినుకు రాలీ రాలకముందే డెస్కు నుంచి ఫోను:
"గొడుగులో అమ్మాయి ఒకటి, మునిగిన బస్సు ఒకటి. ఆరింటికల్లా."
ఈ జూన్‌లో లక్డీకాపూల్ మోకాళ్ల దాకా మునిగిందట.
నేను చిక్కడపల్లిలో, మూడో అంతస్తు బాల్కనీలో
ఆరేసిన బట్టలు తీస్తున్నాను.
ఫోను బల్ల మీద బోర్లా పడి ఉంది.
తిప్పి చూశాను.
దుప్పట్లు మడతపెట్టి మళ్లీ తిప్పి చూశాను.
చార్జింగు తొంభై నాలుగు.

"రేపు నీకు సెలవా, డ్యూటీనా?" అంది పాప.
రేపటికి ఇంకా పేరు పెట్టలేదమ్మా,
పడుకో.

కోఠీ బ్యాంక్ స్ట్రీట్‌లో మెట్ల కింద
ఖదీర్ భాయ్ రిపేరు దుకాణం.
చేతులు మారిన బాడీ, బూజు తుడిచిన లెన్సు,
సగం నగదు, సగం నమ్మకం.
డబ్బాలో స్క్రూలు ఏరుకుంటూ తలెత్తకుండా చెప్పాడు:
"బిల్లు నంబరు ఒకటి నుంచి షురూ చేయకు బేటీ.
నూట పన్నెండు వెయ్.
మొదటి బేరమని తెలిస్తే పిండేస్తారు."

అలా నా కొత్త బతుకులో
నూట పదకొండు పనులు
చేయకుండానే అయిపోయాయి.

నూట పన్నెండోది రాణీగంజ్.
హకీముద్దీన్ సేఠ్ హార్డ్‌వేర్ కేటలాగుకి
అరవై మూడు రకాల తలుపు పిడులు.
ఇత్తడివి, స్టీలువి, సింహం మూతిలోంచి రింగు వేలాడేవి.
తలుపన్నది ఎక్కడా లేదు,
థర్మకోల్ షీటు మీద ఉత్త పిడులు.
జూమ్ చేసి చూద్దును కదా
ప్రతి పిడిలోనూ నేను!
వేలెడంత, వంకరగా, ముఖం ఉండాల్సిన చోట కెమెరాతో.
సేఠ్ స్క్రీను మీదికి వంగి
అత్తరు వాసనతో సహా తీర్పు చెప్పాడు:
"మెరుపు కనబడాలె మేడం. మీరు కనబడొద్దు."

నాకేం కొత్త?
లాఠీ లేచినప్పుడు నేను లేను.
మార్చురీ బయట ఒకావిడ దుప్పటి కొస ఎత్తినప్పుడు
ఆమెకు మూడడుగుల దూరంలో, నేను లేను.
మర్నాడు బొమ్మ కింద చీమంత అక్షరాల్లో
"స్టాఫ్ ఫోటో" అని ఉండేది.
ఆ స్టాఫ్ ఎవరో మా అత్తగారు ఎప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి కూర్చుని నన్ను చెరుపుకుంటూ పోయాను.
నుదురు, మోచేయి, చున్నీ అంచు.
పంతొమ్మిదో పిడికి మెడ పట్టేసింది.
నలభయ్యోదానికి పాలవాడు బెల్లు కొట్టాడు.
నలభై ఏడులో ఎందుకో చేయి ఆగింది.
గుండ్రటి ఇత్తడిలో వంగిపోయిన రాణీగంజ్ మధ్యాహ్నం,
సగం దించిన షట్టరు, అరటిపళ్ల బండి,
వాటి ముందు కాళ్లు ఎడంగా పెట్టుకుని
ఎవరూ పంపకుండా వచ్చిన ఒక మనిషి.

దాన్ని అలాగే పంపించాను.

కేటలాగు అచ్చయింది.
సేఠ్ ఇంకా గమనించినట్టు లేదు.
డబ్బులూ ఇంకా రాలేదు.