సొట్ట

వాది కబీర్‌ల మా షెడ్డుకు
నెలకు ముప్పై కార్లొస్తే ఇరవై ఎనిమిది తెల్లవే.
పందొమ్మిదేండ్ల సంది తెల్ల మీద తెల్ల కొడుతున్న.
నా దగ్గు కూడ తెల్లదేనని
షఫీకుల్ నవ్వుతడు.

ఆ దినం లారీ మీదికెల్లి దిగింది
డెబ్బై ఎనిమిది లాండ్ క్రూజర్,
ఇసుక రంగుది, గుండ్రటి కండ్లది,
అంచుల తుప్పుకు తప్ప దేనికీ లొంగనిది.
వెనకనే ట్యాక్సీల ఒక ముసలామె.
అబాయా కొసలు గ్రీజుకు తగలకుంట ఎత్తి పట్టుకొని
షెడ్డంత కలెదిరిగింది, ఇల్లు కొనేటోళ్ల లెక్క.

ఫోర్మన్ పౌలోస్ లెక్క చెప్పిండు:
కంపెనీ రంగే వేస్తే బండికి ధర,
మారిస్తే సగానికి సగం పోతది,
పాత బండంటే పాత రంగేనమ్మా అని.
ఆమె విన్నది. మొత్తం విన్నది.
సంచిలకెల్లి మందుల డబ్బీ తీసింది.
అండ్ల తడి గుడ్డ, గుడ్డల ఒక దానిమ్మ పువ్వు.
"జబల్ అఖ్దర్ మీదిది, రాత్రి తెప్పిచ్చిన.
వాడకముందే చూసుకో.
బండి అమ్మడానికి కాదు, నడపడానికి."
అరవై నాలుగేండ్లకు లైసెన్సు వచ్చిందట,
నాలుగోసారి పరీక్షకు.

పువ్వు ట్యూబ్ లైటు కింద ఒక రంగు,
రేకుల బయట ఇంకో రంగు.
ఎరుపుల పసుపు పోసిన, సూది మొనంత నలుపు,
తగ్గించిన, మళ్ల పోసిన.
మా కథలాపూర్ గుట్ట కింద
ఆకు లేకుంట మండే మోదుగు మతికొచ్చింది.
పిల్లగాండ్లం ఆ పూలు ఉడకబెట్టి
హోళీకి ఎవ్వరినీ వదలలె, బర్రెను గూడ.
అయినా ఇది ఆ రంగు కాదు,
దాని చిన్నాయన బిడ్డ.
ఆరో డబ్బకు ఆమె తల ఊపింది.

ఇగ గీకుడు.
ఎనభై నంబరు కాగితం, తర్వాత రెండొందల నలభై.
వెనక ఎడమ చెంప మీద కాగితం చప్పుడు మారింది.
ఇనుమైతే గరగరమంటది,
ఇది ముద్దగ, నోట్ల అన్నం పెట్టుకొని మాట్లాడినట్టు.
రెండు వేళ్ల మందం పుట్టీ.
తీస్తే కింద సొట్ట,
అన్నం తల్లె అంత.

ఫోన్ చేస్తే గంటల వచ్చింది.
వేళ్లు అంచు చుట్టూ తిరిగి
నడుమకు వచ్చి ఆగినయి.
"ఎనభై నాలుగు," అన్నది. "ఖర్జూరపు చెట్టు.
గేరు ముందుకనుకున్న, అది వెనక్కు.
వారంల మూసేయించిండు. ఒక్క మాట అనలె.
తాళంచెవి మళ్ల నా చేతికియ్యలె.
మంచోడే. ముప్పై తొమ్మిదేండ్లు
పక్క సీట్ల కూసుండబెట్టి
ఎటంటే అటు తీస్కపోయిండు."
చెయ్యి తీయకుంటనే అన్నది,
"దీన్ని పూడ్చకు."

పుట్టీ కలిపిన రేకు నా చేతిలనే ఉన్నది.
సొట్ట లేకుంట చేసుడే నా బతుకుదెరువు,
అద్దం లెక్క రాకపోతే పౌలోస్ జీతం కోస్తడు.
ఉన్నదాని మీద ఉన్నట్టే కొట్టుడు
నాకు రాదందామనుకున్న.
వచ్చు అన్న.

కష్టమే అది. గుంటలకు రంగు జారుతది,
అంచుల పల్చబడతది.
గన్ను దూరం పట్టి, ఊపిరి బిగబట్టి
మూడు పూతలు.
షఫీకుల్ అన్నడు, కస్టమర్ చూస్తే తిట్టరా?
కస్టమరే అడిగిందిరా అన్న.

తీస్కపోనీకి ఒక్కతే వచ్చింది.
రశీదు మీద పౌలోస్ ఉమ్మ్ ఖల్ఫాన్ అని రాస్తే
కొట్టేయించి శంసా అని రాయించుకున్నది.
ఇంజను రెండుసార్లు ఆగింది. మూడోసారి
గేరు చూసుకొని, మళ్ల చూసుకొని
గల్లీలకు వెనక్కి తీసింది.
మా కంప్రెసర్‌కు జానెడు దూరంల ఆగింది.
పౌలోస్ కండ్లు మూసుకున్నడు.

పోతుంటే వెనక చెంప మీద ఎండ పడ్డది.
సాపు రేకు మీద ఎండ జారిపోతది.
సొట్టల మాత్రం గుక్కెడు నిలిచి
మలుపు దాక కనిపిచ్చింది.

నేను లోపలికొచ్చి
తర్వాతి బండికి
తెల్ల డబ్బ మూత తీసిన.